తూము దగ్గర గుంట, రోడ్డు మీద నా రాళ్లు

చాలా రోజులైంది పేజీలో రాసి. పత్తి గింజల గురించి అడిగినవాళ్లకి వచ్చే వారం రాస్తాను, ఏమీ అనుకోవద్దు. ఇవాళ పంట గురించి కాదు, రోడ్డు గురించి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. అది దాచిపెట్టి మిగతాది రాస్తే న్యాయంగా ఉండదని అన్నీ రాస్తున్నాను.

మాది ఖమ్మం జిల్లా. మా ఊరి పక్కనుంచి పోయే రోడ్డుని రెండేళ్లుగా వెడల్పు చేస్తున్నారు. ముందే ఒక మాట చెప్తాను, నేను రోడ్డుకి వ్యతిరేకిని కాదు. నాది ఏడు కుంటలు అందులో పోయింది, నా కళ్లం కూడా అందులోనే పోయింది. పరిహారం ఇచ్చారు, తీసుకున్నాను. మిర్చి టిక్కీలు మార్కెట్‌కి వేసుకుపోయేవాడికి మంచి రోడ్డు విలువ ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. నా గొడవ రోడ్డు గురించి కాదు, రోడ్డు వేసేటప్పుడు దాని మీద పోయే మనిషి గురించి.

పోయిన ఏప్రిల్ మొదటి వారం. మా అక్క కొడుకు, ఇరవయ్యారేళ్లవాడు, తెల్లవారుజామున నాలుగున్నరకి ఎక్సెల్ బండికి రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని పాలకేంద్రానికి బయల్దేరాడు. ఏడేళ్లుగా రోజూ పోయే దారే. ఊరు దాటాక అరకిలోమీటరులో ఒక తూము ఉంది. ముందు రోజు పొద్దున వాడు పాలు పోసి వచ్చేటప్పుడు తూము మామూలుగానే ఉంది. ఆ సాయంత్రం జేసీబీ వచ్చి ఎడమ పక్క సగం తవ్వేసింది. మనిషి లోతు గుంట. దానికి అడ్డం పెట్టింది ఏంటయ్యా అంటే, నాలుగు సున్నం పూసిన రాళ్లు, ఒక కర్రకి కట్టిన ఎర్ర గుడ్డ. అంతే. పగలైతే ఎర్ర గుడ్డ కనపడుద్ది. చీకట్లో ఎర్ర గుడ్డా ఒకటే, నల్ల గుడ్డా ఒకటే.

ఎదురుగా వస్తున్న టిప్పర్ లైటు కళ్లల్లో కొట్టింది. బండి పక్కకి తీసుకున్నాడు. అక్కడ రోడ్డు లేదు.

కూలికి పోయే ఆడవాళ్లు మూలుగు విని చూశారు కాబట్టి సరిపోయింది. వాళ్లే 108కి ఫోన్ చేశారు. తొడ ఎముక రెండు ముక్కలైంది. ఖమ్మంలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మందులు, తిరుగుళ్లు అన్నీ కలిపి రెండు లక్షల పైనే అయింది. మా అక్క రెండు పాడి గేదెలు అమ్మింది. పాల మీద బతికే ఇంట్లో గేదెని అమ్మడం అంటే ఏంటో మీకు తెలుసు.

ఇంకో బండి వచ్చి గుద్దితే దాని నంబరు ఉంటుంది, డ్రైవర్ ఉంటాడు, ఇన్సూరెన్స్ ఉంటుంది. గుంట గుద్దితే ఎవరిని పట్టుకోవాలి? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని నేను రెండు నెలలు తిరిగాను.

మొదట తూము దగ్గర ఉన్న సూపర్‌వైజర్ని అడిగాను. "బాబాయ్, తవ్వడం వరకే మా పని. బోర్డులు పెట్టేది కంపెనీ సేఫ్టీ వాళ్లు" అన్నాడు. క్యాంపుకి పోయాను. అక్కడ ఒక కుర్ర ఇంజనీరు, మా అమ్మాయి వయసే ఉంటుంది, మర్యాదగానే మాట్లాడాడు. "ఆ బిట్టు సబ్ కాంట్రాక్టుకి ఇచ్చామంకుల్, రాత్రి కాపలా మనిషిని వాళ్లే పెట్టాలి" అన్నాడు. కాపలా మనిషి ఎవరని ఆరా తీస్తే పక్క ఊరి ముసలాయన. రెండు నెలలుగా జీతం ఇవ్వట్లేదని మానేసి ఇంట్లో ఉన్నాడు. తర్వాత రోడ్డు పని చూసే ఆఫీసుకి పోయాను. "అగ్రిమెంటు ప్రకారం బాధ్యత మొత్తం కాంట్రాక్టరుదే, మాది పర్యవేక్షణ మాత్రమే" అన్నారు. సరే, పర్యవేక్షణ ఎవరు చేశారు అంటే "దానికి కన్సల్టెంట్లు ఉన్నారు" అన్నారు. కన్సల్టెంట్లు ఎక్కడ ఉంటారంటే, వాళ్ల ఆఫీసు హైదరాబాదులో.

పాలల్లో నీళ్లెవరు కలిపారని అడిగితే చివరికి గేదె మీదకి తోసినట్టు అయింది నా పని.

ఇక పోలీసు కాగితం సంగతి. అక్క బావ ఆసుపత్రిలో ఉండగా రాసుకున్నారు. అందులో ఏముందో పదిహేను రోజుల తర్వాత గానీ మేం చదవలేదు. "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి, అదుపుతప్పి తనంతట తాను పడిపోయాడు" అని ఉంది. రెండు నిండు క్యాన్లతో ఎక్సెల్ మీద అతివేగం! ఆ బండి అలా పోగలదని తెలిస్తే మేం ఇంకో నాలుగు కొనేవాళ్లం. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. గుంట అన్న మాట ఆ కాగితంలో ఒక్కసారి కూడా లేదు. అంటే కాగితం మీద ఆ రోజు ఆ రోడ్డు చక్కగానే ఉంది, మావాడికే బండి నడపడం రాలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను.

రోడ్డు ఆఫీసుకి రెండోసారి పోయినప్పుడు నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను. "మనిషి ప్రాణం అంటే లెక్కలేదా సార్ మీకు? చీకట్లో కనపడేటట్టు ఒక్క లైటు పెట్టలేరా?" అన్నాను. అక్కడున్న పెద్దాయన ఏమీ అనకుండా ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. రోడ్డు మీద సగానికి సగం మొక్కజొన్న ఆరబోసి ఉంది. వంద గజాల పొడవున. చుట్టూ వరసగా రాళ్లు. "ఇది ఎవరు పోశారండీ? దీనికి లైటు ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

నా నోట మాట రాలేదు. ఆ రాళ్ల చివర ఒక పాత రుబ్బురోలు ఉంది. అది మా ఇంట్లోది. ఆ మొక్కజొన్న నాదే. మావాడు పడ్డ తూముకి నూట యాభై గజాల ముందు.

ఎందుకు పోశాను? కారణాలు ఉన్నాయి. కళ్లం రోడ్డులో పోయింది. గింజలో తేమ 14 శాతం లోపు లేకపోతే కొనుగోలు కేంద్రంలో తూకం వెయ్యరు, బయట వ్యాపారి రేటు కోస్తాడు. తారు రోడ్డు మీద రెండు ఎండలకి ఆరేది చేను మట్టిలో నాలుగు రోజులైనా ఆరదు. మా ఊళ్ళో అందరూ పోస్తారు, నేనూ ముప్పై ఏళ్లుగా పోస్తున్నాను. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెట్టుకుంటాం. ఇవన్నీ నిజమే. కానీ చీకట్లో వచ్చి ఆ రోలుకి గుద్దుకునేవాడికి నా తేమ శాతంతో ఏం పని?

ఆ సాయంత్రం అక్క ఇంటికి పోయి మంచం పక్కన కూర్చున్నాను. అడగాలంటే భయం వేసింది. అయినా అడిగాను. "ఒరేయ్, నిజం చెప్పు. నా మొక్కజొన్న వల్లేమన్నా నువ్వు తడబడ్డావా?"

వాడు కాసేపు పైకి చూస్తూ ఉన్నాడు. "లేదు మామా. నీ రాళ్లు వారం నుంచి అక్కడే ఉన్నయ్ కదా, నాకు తెలుసు. ముందే కుడికి వచ్చి, దాటాక మళ్లీ ఎడమకి తీసుకున్నా. గుంట సంగతే తెలవదు" అన్నాడు.

అక్క అక్కడే ఉంది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడన్న మాటే తిరిగింది బుర్రలో. నా రాళ్లకి గుద్దుకోకపోవడానికి కారణం వాడికి తెలుసు, అంతే. తెలియని ఊరివాడు ఆ దారిన వచ్చి ఉంటే? గుంట తవ్వినవాడికీ గుంట ఎక్కడుందో తెలుసు, రాయి పెట్టిన నాకూ రాయి ఎక్కడుందో తెలుసు. బోర్డు పెట్టాల్సింది తెలియనివాడి కోసం. ఆ సంగతి కంపెనీ వాళ్లూ మర్చిపోయారు, నేనూ మర్చిపోయాను. వాళ్లకైతే దానికి డబ్బులు ఇస్తారు, నాకు ఇవ్వరు, అది నిజమే. ఆ తేడా ఉంది. కానీ పడేవాడి కాలుకి ఆ తేడా తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు కూలీలని పెట్టి మొక్కజొన్న మొత్తం ఎత్తించాను. పట్టాలు అద్దెకి తెచ్చి చేలో పోశాను. మధ్యలో ఒక వాన పడింది. కొంత గింజ రంగు మారింది, రేటు తగ్గింది. పోయిన డబ్బు గురించి ఇక్కడ ఏడవను. రోలు మాత్రం నేనే మోసుకొచ్చి ఇంట్లో పడేశాను.

అది తీసేశాకే నాకు అడిగే ధైర్యం వచ్చింది.

మా అమ్మాయి హైదరాబాదులో చదువుతోంది. రోడ్డు పని జరిగేచోట ఏమేం పెట్టాలో ఎక్కడన్నా రాసి ఉంటుందా అని అడిగితే వెతికి పెట్టింది. ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని దేశంలో రోడ్లకి ప్రమాణాలు రాసే సంస్థ. వాళ్ల పుస్తకాల్లో ఎస్పీ 55 అనేది అచ్చంగా దీని గురించే. 2001లో వచ్చింది, 2014లో మార్చి రాశారు. నాకు అర్థమైనంతలో చెప్తాను.

రోడ్డు మీద పని చేసే చోటుని నాలుగు ముక్కలుగా చూడాలట. మొదటిది, చాలా ముందుగానే హెచ్చరిక బోర్డులు. బండ్ల వేగం ఎంత ఎక్కువ ఉంటే అంత దూరం నుంచే. రెండోది, రోడ్డు ఒక్కసారిగా తెగిపోకుండా కోన్లు, డ్రమ్ములు ఏటవాలుగా పెట్టి బండిని మెల్లగా పక్కకి మళ్లించాలి. మూడోది పని జరిగే చోటు. దాని ముందు కూడా కొంత ఖాళీ వదలాలి, ఎవరన్నా అదుపు తప్పినా నేరుగా గుంటలోనో పనివాడి మీదో పడకుండా. నాలుగోది, పని దాటాక మళ్లీ మామూలు రోడ్డు ఎక్కించడం. రాత్రి కనపడేటట్టు రేడియం బోర్డులు, మిణుకుమిణుకుమనే లైట్లు, అవసరమైన చోట జెండా పట్టుకుని మనిషి. ఇది చదివాక అర్థమైంది, సున్నం రాయి, ఎర్ర గుడ్డ అనేవి ఏ పుస్తకంలోనూ లేవు. అవి మన అలవాటుగా మారిపోయినయ్.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 198ఏ అని ఒక సెక్షన్ కొత్తగా పెట్టారు. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. రోడ్డు డిజైనుకి, నిర్మాణానికి, నిర్వహణకి బాధ్యుడైన అధికారి గానీ, కాంట్రాక్టర్ గానీ, కన్సల్టెంట్ గానీ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోతే, లేదా అంగవైకల్యం వస్తే, లక్ష రూపాయల దాకా జరిమానా. చూశారా, నన్ను ఒకరి దగ్గర నుంచి ఒకరి దగ్గరికి తిప్పిన ముగ్గురి పేర్లూ ఒకే వాక్యంలో ఉన్నాయి. కోట్ల పనిలో లక్ష ఒక లెక్క కాదు, ఆ లక్ష కూడా పడినవాడి చేతికి రాదు, ప్రమాదాల కోసం పెట్టిన ప్రభుత్వ నిధికి పోతుంది. అయినా బాధ్యత ఎవరిదని అడగడానికి ఒక ఆధారం దొరికింది.

ఆ సెక్షన్‌లోనే నన్ను ఆపేసిన మాట ఇంకోటుంది. కోర్టు తేల్చేటప్పుడు ఏమేం చూడాలో రాశారు. ఆ రోడ్డు ఎలాంటిది, దాని మీద ఎలాంటి బండ్లు పోతాయి, ప్రమాదం ఉందని ఆ అధికారికి తెలుసా లేక తెలిసి ఉండాల్సిందా, బాగుచేసే వ్యవధి లేకపోతే కనీసం హెచ్చరిక ఏం పెట్టారు. అంటే "మాకు తెలియదు" అనేది వాళ్లకి పెద్ద అండ. వాళ్లకి తెలుసని చూపించడానికి మన దగ్గర ఏముంది?

ఏమీ లేదు. మావాడు పడడానికి నెల ముందే ఇంకో తూము దగ్గర మిర్చి వేసుకుపోతున్న ట్రాక్టర్ ట్రక్కు ఒరిగిపోయింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. టిక్కీలు ఎత్తడానికి ఊరంతా కదిలాం. తర్వాత వారం రోజులు టీ కొట్టు దగ్గర అదే మాట. "ఎవడో ఒకడు చస్తేగానీ వీళ్లకి బుద్ధి రాదు" అన్నాం. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక్కడు కూడా తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఇవ్వలేదు. రాసి ఉంటే మావాడు పడేవాడు కాదని చెప్పలేను. కానీ "తెలియదు" అనే మాట మాత్రం వాళ్ల నోట వచ్చేది కాదు.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో జరిగింది మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. రామగంగ నది మీద వంతెన, ఒక పక్క వరదకి కొట్టుకుపోయి అలాగే ఉంది. అడ్డంగా ఏమీ పెట్టలేదు. ఫోన్‌లో దారి చూసుకుంటూ వచ్చిన కారు పైనుంచి కింద పడి ముగ్గురు చనిపోయారు. అక్కడ రోడ్డు ఇంజనీర్ల మీదే కేసు పెట్టారు. అంటే పెట్టాలనుకుంటే పెట్టొచ్చు. ముగ్గురు పోతేగానీ పెట్టకూడదని ఎక్కడా లేదు.

భారతీయ న్యాయ సంహితలో 285 సెక్షన్ అని ఉంది. నలుగురూ నడిచే దారిలో ప్రమాదం గానీ అడ్డంకి గానీ కలిగించినవాడికి ఐదు వేల దాకా జరిమానా. పాత చట్టంలో ఇదే తప్పుకి రెండు వందలు ఉండేది. అది చదివేటప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో ఆగిపోయింది. "నాన్నా, ఇది మన మొక్కజొన్నకి కూడా వర్తిస్తుంది" అంది. "తెలుసమ్మా, చదువు" అన్నాను.

తర్వాత ఏం చేశామో చెప్తాను, మీకూ పనికొస్తుంది.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి నాలుగు ప్రశ్నలు అడిగాను. ఈ పనికి ట్రాఫిక్ ప్లాన్ ఉందా, ఉంటే కాపీ ఇవ్వండి. బోర్డులకీ లైట్లకీ అంచనాలో ఏం చూపించారు. మా తూము దగ్గర తనిఖీ ఎవరు చేశారు, ఏ తారీఖున. ప్రమాదం తర్వాత ఏం చర్య తీసుకున్నారు. ముప్పై రోజుల గడువు. ఇరవై ఎనిమిదో రోజు జవాబొచ్చింది.

ప్లాన్ ఉంది. బొమ్మలతో సహా ఉంది. అందులో మా తూము ఎంత చక్కగా ఉందో! ముందు బోర్డులు, వరసగా డ్రమ్ములు, లైటు, జెండా మనిషి. ఆ కాగితం పట్టుకుని తూము దగ్గరికి పోయి నిలబడ్డాను. కాగితంలో ఉన్నవాటిలో ఒక్కటంటే ఒక్కటి లేదు నేల మీద. తనిఖీ ఎవరు చేశారన్న ప్రశ్నకి మాత్రం "సంబంధిత సిబ్బంది" అని రాశారు. పేరు లేదు. దాని మీద అప్పీలు వేశాను.

ఈ కాగితాలన్నీ పెట్టి పోలీసులకి, వాళ్ల పై అధికారికి మళ్లీ అర్జీ ఇచ్చాం. తనంతట తాను పడ్డాడని రాసింది మార్చమని, నిర్లక్ష్యంతో ఇంకొకరికి తీవ్ర గాయం చేసిన సెక్షన్ 125 కింద గుంట తవ్వినవాళ్లని కూడా విచారించమని. గుంట ఫోటోలు ఆ పొద్దున కూలీల్లో ఒకావిడ కొడుకు తీసినవి ఉన్నయ్, తారీఖు టైముతో సహా. అవే లేకపోతే మా మాట ఎవరూ నమ్మేవాళ్లు కాదు. మర్నాడు సాయంత్రానికల్లా ఆ గుంట ముందు కొత్త డ్రమ్ములు వచ్చేశాయి మరి. అర్జీ ఇంకా విచారణలో ఉంది.

ఇప్పుడు మా ఊళ్ళో ఐదుగురం కలిసి ఒక పని పెట్టుకున్నాం. వారానికి ఒకరోజు చీకటి పడ్డాక రోడ్డు మీద పోయి చూస్తాం. బోర్డు లేని గుంట కనపడితే కిలోమీటరు రాయి గానీ ఏదన్నా గుర్తు గానీ పడేటట్టు ఫోటో తీస్తాం. పగటి ఫోటో కాదు, రాత్రి ఫోటో. మర్నాడు ఒకే కాగితం మూడు కాపీలు, కాంట్రాక్టర్ క్యాంపుకి ఒకటి, రోడ్డు ఆఫీసుకి ఒకటి, సోమవారం ప్రజావాణిలో ఒకటి. ముద్ర వేయించుకున్న కాపీ మా దగ్గర ఉంచుకుంటాం. ముద్ర వెయ్యనంటే స్పీడ్ పోస్టులో పంపుతాం. జాతీయ రహదారి అయితే 1033కి కూడా ఫోన్ చెయ్యొచ్చు. కాగితంలో తిట్లు రాయం. "ఫలానా చోట ఇంత లోతు గుంట ఉంది, రాత్రి కనపడటం లేదు, మీకు తెలియజేస్తున్నాం" అంతే. ఆ తెలియజేయడమే అసలు పని.

ఇప్పటికి మూడు చోట్ల ఇచ్చాం. రెండు చోట్ల నాలుగు రోజుల్లో రేడియం బోర్డులు వచ్చాయి. మూడో చోట ఇంకా సున్నం రాళ్లే. మళ్లీ రాశాం.

ఇంకోటి కూడా చేశాం, ఇది చెప్పడం కష్టమే. ఈ వానాకాలం మొక్కజొన్న వచ్చేసరికి రోడ్డు మీద ఎవరూ పొయ్యకూడదని ఊళ్ళో మాట్లాడుకున్నాం. గొడవైంది. "నీకు పట్టాలున్నయ్, మాకు లేవు" అన్నాడు ఒక తమ్ముడు. వాడన్నదీ నిజమే. అందుకే కళ్లాలు రోడ్డులో పోయినవాళ్లకి ఉమ్మడిగా ఒక సిమెంటు కళ్లం కట్టించమని అర్జీ పెట్టాం. ఈలోపు నలుగురం కలిసి పట్టాలు కొన్నాం, వంతులవారీగా వాడుకోవాలని. ఎంతమంది నిలబడతారో చూడాలి.

మావాడు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మొన్న సాయంత్రం తూము దాకా తీసుకుపొమ్మన్నాడు. నా బండి మీద ఎక్కించుకుని పోయాను. ఇంకో సగం తవ్వుతున్నారు ఇప్పుడు. అటు పక్క డ్రమ్ములు పెట్టారు, ఒకదాని మీద ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. అరచేయంత ఉంటుంది. వాడు దాన్నే చూస్తూ, "ఇంత చిన్న లైటేనా మామా?" అన్నాడు.

ఏం చెప్పను? "అంతే రా" అన్నాను.

మీ ఊరి పక్కన కూడా ఏదో ఒక రోడ్డు పని జరుగుతూనే ఉంటుంది. ఈ పోస్టుకి లైకు కొట్టకపోయినా పర్లేదు. ఇవాళ రాత్రి అటు పోయేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, తెలియనివాడు వస్తే ఇక్కడ ఏం కనపడుద్ది అని చూడండి. కనపడకపోతే రేపు పొద్దున ఒక కాగితం రాయండి. మీ రాళ్లేమన్నా రోడ్డు మీదుంటే ముందు అవి తీసెయ్యండి. నేను ఆలస్యంగా తీశాను.

ఉంటాను.